పదకొండు సెకన్లకు ఒక మెరుపు

కాలిపోయిన మోటారులోంచి రాగి చుట్లను సుబ్బరాయప్ప ఉలితో కొట్టి తీస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా బాగేపల్లిలో అదే పని. వార్నిష్ పట్టి నల్లబడిన గోళ్ళు, సుత్తి దెబ్బకు వంకరపోయిన బొటనవేలు. ఎవరూ రెండోసారి తిరిగి చూడని మనిషి.

మోటారు తెచ్చిన కొండప్పకు పరగోడు ఊరి అవతల మూడెకరాల టమాటా తోట ఉంది. ఫ్యాక్టరీల కోసం ఆ భూములు లాక్కుంటారని వారం నుంచీ పుకారు.

"కొలిచేదానికి దొంగతనంగా వస్తాండారంటన్నా. దొరికితే కాళ్ళిరగ్గొడతాం."

"కొలిచేవాడూ కూలోడే గదప్పా."

"ఎవుడైతే ఏమి? భూమి పోతే మేము యాడికి పోయేది?"

సుబ్బరాయప్ప ఇంకో చుట్టు కింద ఉలి ఆనించాడు.

సాయంత్రం అంగడి మూసి మోపెడ్ మీద ఎప్పటిలాగే ఆ తోటల పైనున్న గుట్టకు వెళ్ళాడు. ఊరి దీపాల దగ్గర సన్నటి వెలుగులు కనబడవు. చిన్న ఉపగ్రహాలను వదిలేసి ఖాళీ అయిన రాకెట్టు ముక్క ఒకటి ఆకాశంలో పల్టీలు కొడుతూ తిరుగుతోంది. పోయినేడాది తొమ్మిది సెకన్లకోసారి మెరిసేది, ఇప్పుడు పదకొండు. ఆ లెక్కను ఫోనులో తనలాంటి వాళ్ళ గుంపుకు పంపేవాడు.

"దాంతో నీకేమొస్తాది?" అనేది భార్య యశోదమ్మ.

"దాన్ని చూసేవాళ్ళెవురూ లేరు గదమ్మీ," అనేవాడు.

చలికి మంకీ క్యాపు కిందికి లాక్కుని, మూడుకాళ్ళ స్టాండు మీది బైనాక్యులర్‌కు కళ్ళానించాడు. ఒక మెరుపు. ఇంకొకటి. వెనక బైకులు ఆగాయి.

"సర్వేవోడు దొరికినాడ్రా."

"రొండు నిమిషాలుండండప్పా," అన్నాడు తల తిప్పకుండా, "అది పోతాది."

మొదటి దెబ్బకు మోచెయ్యి విరిగింది. రెండోది దవడ మీద పడింది. కింద పడ్డవాణ్ణి కాళ్ళతో కుమ్మారు. స్టాండు కాలు ఊడబెరికి దాంతోనే వీపు చీరేశారు. మసకలో ఒకడు పార కర్రతో పక్కటెముకల మీద మూడుసార్లు గట్టిగా మోదుతూ, "మా భూమి కావాలనా నీకు?" అని అరిచాడు.

ఆ గొంతును సుబ్బరాయప్ప గుర్తుపట్టాడు. నోట్లో నెత్తురూ పళ్ళూ కలిసి ఉన్నాయి.

"కొండప్పా, నేనప్పా."

కర్ర ఆగిపోయింది. కొండప్ప వంగి టోపీ లాగి చూశాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే బైకులెక్కి వెళ్ళిపోయారు.

తోట దగ్గరున్న టమాటా టెంపోను డ్రైవరు తోలుతుంటే, వెనక ఖాళీ క్రేట్ల మధ్య, అతని తలను ఒళ్ళో పెట్టుకుని కొండప్ప చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి బయల్దేరాడు. "వచ్చేసినాం అన్నా, వచ్చేసినాం," అంటూనే ఉన్నాడు. పేరేసంద్ర దాటాక ఎక్కడో ఊపిరి ఆగింది. అది కొండప్పకు ఆసుపత్రి గేటు దగ్గర గాని తెలియలేదు.

గుట్ట మీద బండల సందులో, చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరకుండా సుబ్బరాయప్ప ఎర్ర కాగితం చుట్టి పెట్టుకున్న చిన్న టార్చి ఒకటి, తెల్లవారేదాకా వెలుగుతూనే ఉంది.