చెలిమెలో ఎరుపు

ఇసుకలో చెయ్యి.

మోచేతి దాకా చెయ్యి. ముందు చల్లదనం తగులుతుంది. తర్వాత తడి. ఆ తర్వాత, ఎక్కడినుంచో, ఎవరూ పిలవకుండానే... నీరు.

తొందరపడకూడదు. తొందరపడేవాళ్లకు చెలిమె, ఇసుకలో తవ్విన ఆ గుంట, బురదే ఇస్తుంది. చెయ్యి అలాగే ఉంచి ఆగాలి. ఊరనివ్వాలి.

పురానాపూల్ కింద, ఎండిన మూసీలో, నాగమణమ్మ ప్రతి పొద్దునా అలాగే ఆగుతుంది. బస్తీకి నల్లా వచ్చాక కూడా ఆమె నది దగ్గరికే వచ్చింది. ఇసుక వడకట్టిన నీటి తీపి ఆ ఇనుప గొట్టానికి ఎక్కడిది?

రెండో జర్మనీ లడాయి మొదలైన ఏడు, చిన్నకూతురు సుశీల పురిటికి వచ్చింది.

ఆ ఎండాకాలంలోనే చెలిమె ఎర్రబడింది.

లేత ఎరుపు. దానిమ్మ గింజలు కడిగిన నీళ్లలా.

నాగమణమ్మ భయపడలేదు. చేతులెత్తి మొక్కింది.

గత్తర వచ్చిన ఏడు ఆమెకు ఇంకా కళ్లలోనే ఉంది. వాంతులు, విరేచనాలు, ఇంటింటా ఏడుపు. పెద్దకూతురు రాజమణి బావిలోని తెల్లటి నీళ్లు తాగింది. పోయింది. తెల్లవారి సర్కారు జవాను వచ్చి అదే బావిలో ఎర్రమందు కలిపాడు. ఆ ఎర్రనీళ్లు తాగి, పాలపళ్ల సుశీల బతికింది.

తెలుపుకూ ఎరుపుకూ మధ్య ఒక్క రాత్రి.

అప్పటినుంచి ఎరుపంటే ఆమెకు ప్రాణం.

తల్లి తెచ్చిన చెంబులోకి చూసి సుశీల నవ్వింది.

"ఏంది అవ్వా, నీ అల్లుడు రాకముందే గులాబ్ షర్బతా?"

"నవ్వకు. సర్కారోళ్లు మందేసిండ్రు. కడుపుల బిడ్డకు గూడ మంచిది. తాగు."

సుశీల తాగింది. మర్నాడూ తాగింది. అవ్వ చేతి నీళ్లు కదా...

తర్వాత కక్కడం మొదలైంది. తిన్నది కక్కింది. తాగింది కక్కింది. ఏమీ లేనప్పుడు కూడా కక్కింది.

పక్కింటి కుల్సుమ్ వచ్చి చెంబు ఎత్తి వెలుతురులో పట్టుకుంది.

"ఏంది పెద్దమ్మా గిది?"

"మందు నీళ్లు బిడ్డా."

"హాయ్ అల్లా... గిది మందు కాదు, రంగు! మా ఆయన గోర్లల్ల ఉండేది గిదే. పైన ఆయన పనిజేసే అద్దకం కార్ఖానాల కుండలు కడిగి నదిలకు ఇడుస్తుండ్రు. నల్లా ఉండంగ చెలిమెకెందుకు పోతివి?"

నల్లా ఉండంగ.

నాగమణమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

బస్తీలో ఇంకొందరు మంచం పట్టాక పూడిక తీసేవాళ్లు వచ్చారు. పారలు, గంపలు, ఎద్దుబండ్లు. నల్లటి బురద. బురద కింద ఎర్రటి చార. దాని కింద నీలం. నది తన పొట్టలో ఇన్ని రంగులు ఎప్పుడు దాచుకుంది?

"ఫికర్ చెయ్యకు అవ్వా," అన్నాడు మేస్త్రీ. "మూసీకి జులాబిచ్చినం. ఇగ కడుపు సాఫ్!"

కూలీలు పగలబడి నవ్వారు.

"కడుపు కడిగిండ్రు, మంచిదే కొడుకా. మళ్ల రంగు తినిపిచ్చేటోని చెయ్యి ఎవలన్న పట్టుకున్నరా?" అంది నాగమణమ్మ.

మేస్త్రీ ఎద్దులను అదిలించాడు.

బురదతో పాటు ఇసుకా బండెక్కింది. చెలిమె ఉన్న చోట గట్టి నేల తేలింది. నాగమణమ్మ గోళ్లతో గీకింది. చెయ్యి ఆనించి ఆగింది. చాలాసేపు ఆగింది.

తడి తగల్లేదు.

ఖాళీ బిందెతో ఇంటికొచ్చేసరికి సుశీల గోడకేసి చూస్తోంది.

"అవ్వా... పొద్దుగాల్నుంచి బిడ్డ మెదల్తలేదు."

కుల్సుమ్ భర్త షఫీఉద్దీన్ జట్కా కోసం పరుగెత్తాడు, దవాఖానాకు తీసుకుపోదామని. కుల్సుమ్ నల్లా నీళ్లు కాచి పింగాణీ కప్పులో తెచ్చింది.

తెల్లటి నీళ్లు.

రాజమణి తాగిన నీళ్లకూ ఇదే తెలుపు.

నాగమణమ్మ కప్పు పట్టుకుంది. ఇవ్వలేకపోయింది. ఎరుపును నమ్మింది. తెలుపును నమ్మలేదు. ఇక ఏ రంగు నీళ్లు ఇవ్వాలి తల్లి?

"ఇయ్యి పెద్దమ్మా. కాగవెట్టిన."

ఇచ్చింది. సుశీల గుటక వేసింది.

కూతురి పొట్ట మీద చెయ్యి.

ముందు వెచ్చదనం తగిలింది. తర్వాత చెమట తడి. ఆ తర్వాత...

తొందరపడకూడదు.

సందు చివర జట్కా గంటలు. ఇటే వస్తున్నాయో, అటు పోతున్నాయో.

ఆమె చెయ్యి తీయలేదు.