మాస్టారి దిమ్మె

ఆసుపత్రి ప్రయోగశాలలో ఊపిరి బిగబట్టి ఆమె కోత యంత్రం చక్రం తిప్పింది. మైనంలో పొదిగిన పేగుముక్క మీదుగా బ్లేడు జారి, ఉల్లిపొరకన్నా పలచని పొర విడివడింది. కుంచె కొసతో దాన్ని లేపి గోరువెచ్చని నీటిపై పరిచింది. ముడతలు వాటంతటవే విప్పుకున్నాక ఊపిరి వదిలింది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. శ్వాస తగిలినా పొర చెదిరిపోతుంది. "కూరగాయలు కోసేటప్పుడైనా ఊపిరి పీల్చుకోవే, అవి ఎగిరిపోవులే" అని ఇంట్లో భర్త ఎగతాళి చేస్తాడు.

రోగి పొర పక్కనే, అదే గాజు పలక మీద, మాస్టారి దిమ్మె నుంచి కోసిన పొరను కూడా ఎక్కించింది. ఆమెకు పని నేర్పిన మనిషి ఆయన. ఉద్యోగం చివరి ఏళ్లలో ఆయన పేగులోనే గడ్డ బయటపడింది. మొదట తీసిన చిన్న బుడిపె, తరువాతి గడ్డ, కాలేయానికి పాకిన ముక్క: మూడింటినీ ఒకే మైనపు దిమ్మెలో తానే వరసగా పొదిగి ఇచ్చారు. పెరగమనే కబురు అందుకునే గ్రాహకాలు కణాల అంచున ఎంత ఎక్కువగా ఉంటే, పొర మీద వేసిన గోధుమరంగు అంత చిక్కగా పడుతుంది. ఆయన మొదటి ముక్కలో లేత ఛాయ, రెండోదానిలో ముదురు, మూడోదానిలో కాఫీగింజ రంగు. పరీక్ష సరిగా జరిగిందనడానికి అదే సాక్ష్యం.

రోజూ తొమ్మిదింటికి ఆయన ఫోన్ చేస్తారు.

"ఏమ్మా, ఇవాళ నన్ను కోశావా?"

"కోశాను మాస్టారూ, ఒక పొర."

"ఒకటేనా? ఎంత పిసినారివే."

ఈ రోజు తొమ్మిది దాటింది, పది దాటింది. ఫోన్ మోగలేదు. సీసాల మధ్య నుంచి ఆమె దానివైపే చూస్తూ పని సాగించింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ సూక్ష్మదర్శిని నుంచి తలెత్తింది. "ఈవిడకి గ్రాహకాలు లేవు. ఇక వాటిని అడ్డుకునే మందు ఇవ్వలేరు. లేవని రాసేస్తాను, వార్డు వాళ్లు రెండుసార్లు అడిగారు."

"మాస్టారి ముక్క చూశారా మేడం?"

డాక్టరమ్మ పలక జరిపింది. చాలాసేపు చూసింది. "ఇందులోనూ గోధుమ జాడ లేదే."

లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు. పొద్దుటి నుంచి చేసిన మెట్లన్నీ ఆమె వరసగా గుర్తు చేసుకుంది. గ్రాహకాలకు రంగు పట్టాలంటే ముందు పలకలను వేడి ద్రావణంలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ఫోన్‌ను చూస్తూ ఆ మెట్టు దాటేసింది.

"తప్పు నాదే మేడం. వేడిచేయడం మరిచాను."

"మీరా?"

"నేనే. మళ్లీ చేస్తాను."

కొత్త పొరలు కోసింది. పలకలు వేడి ద్రావణంలో పన్నెండో నిమిషానికి చేరినప్పుడు ఫోన్ వెలిగింది. మాస్టారి భార్య.

"తెల్లవారుజామున పోయారమ్మా. నిద్రలోనే."

ఆమె గడియారం వైపు చూసింది.

"దిమ్మె ఇంకా ఎంత మిగిలిందో నిన్ను అడగమన్నారు, రాత్రి."

"చాలా ఉందమ్మా. ఇప్పుడు పలకలు వేడిలో ఉన్నాయి..."

"కానిచ్చుకుని రా తల్లీ. ఆయనైనా అదే అనేవారు."

మిగిలిన ఎనిమిది నిమిషాలూ అక్కడే నిలబడింది.

పొద్దు వాలేసరికి డాక్టరమ్మ ఆమెను పిలిచి చూడమంది. మూడో ముక్క కాఫీగింజ రంగులో ఉంది. పక్కన, ముఖం తెలియని ఆ రోగి కణాల చుట్టూ కూడా అదే రంగు, గీత గీసినట్టు.

"ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "మందు మొదలుపెట్టమంటాను."

ఆమె కుంచె కడిగింది, బ్లేడు తీసింది, దిమ్మెను సొరుగులో పెట్టింది. దాని తెల్లని అంచున ఆయన పెన్సిలుతో రాసుకున్న ఒక్క మాట ఇంకా చెరగలేదు: పనికొస్తుంది.