బిందె గిటారు

ప్రసన్నకుమార్ పొద్దున లేవగానే చేసే మొదటి పని ఎడమచేతి వేళ్ళ కొసల్ని గుండుసూదితో పొడుచుకోవడం. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు. నాలుగింటిలో ఒక్కదానికీ తెలియదు. ఆ తర్వాత పళ్ళు తోముకుంటాడు.

"ఇవాళైనా తెలిసిందా?" అని వంటింట్లోంచి భార్య అమల అడుగుతుంది.

"లేదు."

"అయితే ఆ సూది తెచ్చి డబ్బాలో పడేయండి. నిన్న నా కాలికి గుచ్చుకుంది. నాకు బాగానే తెలిసింది."

సుగరు వల్ల నరాలు మొద్దుబారాయని డాక్టరు చెప్పి ఎనిమిది నెలలైంది. మళ్ళీ బాగవుతాయా అంటే, ఉన్నవి పోకుండా చూసుకోండి అన్నాడు. ప్రసన్నకుమార్‌కి పెద్దగా బాధ కూడా కలగలేదు. బాధ కలగాలి కదా అనుకుంటూ ఆటోలో ఇంటికొచ్చి, పెరుగన్నం తిని పడుకున్నాడు.

ఎనభై తొమ్మిదిలో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించడానికి తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చి, ఎల్బీనగర్ దగ్గర మన్సూరాబాద్‌లో రెండు గదుల వాటా అద్దెకి తీసుకున్నాడు. పెళ్ళిళ్ళు, వినాయకచవితి పందిళ్ళు. ఆర్కెస్ట్రాలు తగ్గాక ఇంట్లోనే పిల్లలకి సాయంత్రం క్లాసులు. అద్దె పెరిగింది గానీ ఇల్లు మారలేదు.

అతని దగ్గర మూడు గిటార్లు ఉండేవి. రెండు పూర్తిగా చెక్కవి. మూడోది విశాఖపట్నంలో ఓడలో పనిచేసే ఒకతని దగ్గర పాతది కొన్నాడు. ముందువైపు చెక్క, వెనకవైపు ఫైబర్. ఆ వీపు చదునుగా ఉండదు, బిందె అడుగులా గుండ్రంగా ఉంటుంది. ఆర్కెస్ట్రా వాళ్ళు దాన్ని బిందె గిటారు అనేవాళ్ళు. ఒళ్ళో నిలవదు, జారిపోతుంది. తొడమీద తడి తువ్వాలు వేసుకుని వాయించాలి. నేలమీద పెడితే దొర్లుతుంది. ఓసారి అలా దొర్లుకుంటూ గుమ్మం దాకా వెళ్ళడం చూసి, పక్కవాటా అండాలు బోనమెత్తినప్పుడు తలమీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు ఒకటి తెచ్చిచ్చింది. అప్పట్నుంచి అది గదిమూల ఆ కుదురులో కుండలా కూర్చుంది.

హైదరాబాద్ ఎండలకి చెక్క గిటార్లు ఆగలేదు. ఒకదానికి వీపు చీలింది. ఇంకోదాని మెడ వంగి తీగలు పైకి లేచాయి. బిందె గిటారు వ్యాను మీద నుంచి నల్గొండ రోడ్డు మీద పడినప్పుడు కూడా వీపున ఒక గీత పడిందంతే. మోతలో మాత్రం తేడా ఉంది. చెక్క వీపు శబ్దాన్ని కాస్త తాగి, మెత్తబరిచి వదులుతుంది. ఫైబర్ తాగదు. వచ్చింది వచ్చినట్టు విసిరేస్తుంది. ఎంత వేగంగా విసురుతుందంటే, ఇవాళ వాయించింది నిన్నే వినపడుతుంది. సరిగ్గా అదే వేళకి, నిమిషం తేడా లేకుండా.

దానికి తగ్గట్టే ప్రసన్నకుమార్ పని చేసుకునేవాడు. పెళ్ళిలో కచేరీ ఉంటే వేదిక మీద ఊరికే చేతులు కదిపేవాడు, మోత దానంతటదే వచ్చేది. మర్నాడు అదే వేళకి ఇంట్లో కూర్చుని అవే పాటలు, అదే వరసలో, ఒక్కటి వదలకుండా వాయించేవాడు. జ్వరంలో వాయించాడు. మామగారి పదకొండోరోజున భోజనాల మధ్య లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళి వాయించాడు. ఎవరూ తప్పు పట్టలేదు. వినపడిపోయిందాన్ని వాయించకుండా ఎలా ఉంటారు?

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక గల్లీకి ఆ గిటారుతో అవసరం పెరిగింది. క్లాసు ఉన్న రోజున పిల్లలు వచ్చేముందు, ఐదింటికి, ప్రసన్నకుమార్ దాన్నో పావుగంట వాయించేవాడు. బంద్ అయితే పిల్లలు రారు, వాయించడు. కాబట్టి ఇవాళ ఐదింటికి మోగకపోతే రేపు బంద్. అండాలు భర్త మైసయ్యది ఆటో. ఐదింటికి గుమ్మంలో నిలబడి చెవిపెట్టి, మర్నాటికి గ్యాసు కొట్టించాలో వద్దో తేల్చుకునేవాడు.

పోయిన జూన్‌లో ఒక మంగళవారం అది మోగలేదు. "రేపు బందా?" అని గల్లీ అంతా అడిగింది. బంద్ లేదు. బుధవారం పిల్లలు వచ్చారు. ప్రసన్నకుమార్ గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగలమీద వేళ్ళు వేశాడు. ఎక్కడ వేశాడో వేళ్ళకి తెలియలేదు. పిల్లల్ని ఇళ్ళకి పంపేశాడు. గిటారు కుదురులో పెట్టేశాడు.

"మీరు ఆపేసిండ్రు సార్, నా బతుకు ఆగమైంది," అంటాడు మైసయ్య. "టీవీల బంద్ అంటరు, ఉండదు. లేదంటరు, అద్దాలు పలుగుతయి."

రెండు వేల పదమూడు ఫిబ్రవరిలో మైసయ్యే ఆ గిటారు కొనిపించడానికి తన మేనల్లుడు యోగేందర్‌ని తీసుకొచ్చాడు. హయత్‌నగర్‌లో ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు. సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్. మిగిలిన టైమంతా ఉద్యమం ధూంధాం సభల్లో పాట. డప్పుల మధ్య గిటారు పట్టుకునేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే.

"నాది చెక్కది ఉండె సార్. సూర్యాపేటకు డీసీఎం వ్యాన్ల ఏస్కపోతే, ఎండకు వీపంత ఊడొచ్చింది. అట్టపెట్టె లెక్క."

"అతుకులుంటే ఎండకి విడిపోతాయి. దీని వీపులో అతుకే లేదు, ఒకటే పోత."

"మోత ఎట్లుంటది?"

"పలచగా ఉంటుంది. చెక్కదానికున్న బొంగురు దీనికి రాదు. కానీ దూరం పోతుంది. పది డప్పుల వెనక నుంచైనా వినపడుతుంది."

"గదే కావాలె నాకు." యోగేందర్ ఆ గుండ్రటి వీపుమీద గోటితో కొట్టి చూశాడు. "గని ఆంధ్రోళ్ళ గిటార్‌తోని తెలంగాణ పాట పాడుతున్నడని మావోళ్ళు నన్ను ఆడుకుంటరు."

"చెక్కయితే ఫలానా అడవిది అనొచ్చు. ఫైబర్‌కి ఊరేముంది?"

"మరి మీకు సార్?"

"ఇరవై నాలుగేళ్ళ నుంచీ ఇదే కిరాయి ఇల్లు," అన్నాడు ప్రసన్నకుమార్.

"నీ మీటింగు ముచ్చట్లు ఈడ వెట్టకురా," అని మైసయ్య మేనల్లుడి మోకాలిమీద ఒకటి వేశాడు.

బేరం తేలింది. యోగేందర్ లేచి, "ఇయ్యాల మోగితే రేపు కొట్టాలె. గంతేనా?" అన్నాడు.

"అంతే. తప్పకూడదు."

"తప్పితే?"

"ఇంతవరకూ తప్పలేదు."

గురువారం, ఇరవై ఒకటో తారీఖున, యోగేందర్ బృందం వ్యానులో జనగామ వెళ్తుంది. ట్యూషన్ అయ్యాక ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర నిలబడతాడు. ప్రసన్నకుమార్ గిటారు అక్కడికి తెచ్చివ్వాలి. అలా అనుకున్నారు.

అతను వెళ్ళాక అమల కప్పులు తీస్తూ, "అది పోతే మీరిక గిటారు జోలికి వెళ్ళరు," అంది.

"ఉన్నా వెళ్ళట్లేదుగా."

"ఉంటే ఏదో ఒక రోజు ముట్టుకుంటారు."

"ముట్టుకున్నా తెలియదు కదా అమలా."

ఆమె కప్పులు గట్టిగా పెట్టింది.

బుధవారం సాయంత్రం ఏడు కావడానికి పదిహేను నిమిషాలుందనగా గదిమూల కుదురులో గిటారు మోగింది.

ఎనిమిది నెలల తర్వాత అదే మొదటిసారి. ప్రసన్నకుమార్ టీవీ ఆపాడు. అమల స్టవ్ ఆపి గుమ్మంలోకి వచ్చింది. పాట తెలిసినదే, ఆర్కెస్ట్రాలో వందసార్లు వాయించినదే. వాయిస్తున్న తీరే ఘోరంగా ఉంది. మూడో తీగ పలకడం లేదు, దాని మీద ఏదో వేలు తెలియకుండా పడి ఉంది. ఎఫ్ కార్డ్ పట్టిన ప్రతిసారీ గరగరమంటోంది. అయినా ఆగడం లేదు.

"ఇది మీరే," అంది అమల.

"నేనే."

"అంటే రేపు ఈ టైముకి మీరు వాయిస్తున్నారు."

"రేపు ఈ టైముకి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండాలి. ఏడింటికి రమ్మన్నాడు."

"అక్కడ బస్టాపులో నిలబడి వాయిస్తారా? చిల్లర వేస్తారు."

గిటారు సాగుతూనే ఉంది. పావుగంట కాదు, ముప్ఫై అయిదు నిమిషాలు. మధ్యలోనే అమల యోగేందర్‌కి ఫోన్ కలిపి, దాన్ని తీగల దగ్గర పట్టుకుంది.

"గిదేంది సార్, గిట్ల గరగరమంటున్నది?" అన్నాడు యోగేందర్.

"గిటారు మంచిదే. వేళ్ళు నావి," అన్నాడు ప్రసన్నకుమార్. "రేపు ఏడింటికి నేను ఇంట్లో వాయిస్తూ ఉంటాను. అక్కడికి రాలేను. నువ్వే రావాలి."

"సార్, వ్యాను ఎక్కేది ఈడనే. ట్యూషన్ జల్ది ఇడిచి, మన్సూరాబాద్ దాక వచ్చుడంటే మస్తు పరేషాన్ అయితది. జర ఎల్లుండి వాయించరాదుండ్రి?"

"వినపడిపోయింది యోగేందర్."

అవతల పెద్ద నిట్టూర్పు.

"ఇనవడ్డంక ఇగ ఏం జేస్తం. వ్యానోళ్ళను ఎల్బీనగర్ చౌరస్తాకు రమ్మంట. వాళ్ళు తిడితే మీ పేరే చెప్త."

"చెప్పు."

గురువారం ఆరున్నరకి యోగేందర్ చెమటలు కక్కుతూ వచ్చాడు. ట్రాఫిక్‌ని, ప్రభుత్వాన్ని, ప్రసన్నకుమార్‌ని వరసగా తిట్టుకుంటూ చెప్పులు విప్పాడు. అమల టీ ఇచ్చింది. టీవీ పెట్టి, గొంతు తీసేసి, అతని ముందు బిస్కెట్లు పెట్టింది. "మీ ఆయన చెయ్యవట్టి వ్యానోళ్ళు నన్ను లెఫ్ట్ రైట్ తిట్టిండ్రు అక్కా," అన్నాడతను.

"తిను. ఇవి సుగరు లేనివి, బాగోవు," అంది అమల.

ఆరూ నలభై అయిదుకి ప్రసన్నకుమార్ తొడమీద తడి తువ్వాలు పరుచుకుని గిటారు ఎత్తుకున్నాడు. మొదలుపెట్టాడు.

మోత ఏమీ రాలేదు. వచ్చేది నిన్నే వచ్చేసింది. వేళ్ళకి తీగ తెలియడం లేదు, చెవికి పాట తెలియడం లేదు. ఎడమచెయ్యి గిటారు మెడ మీద పైకీ కిందికీ పోతుంటే దాన్ని ఎవరిదో చేతిని చూసినట్టు చూశాడు. ఎఫ్ దగ్గరికి రాగానే యోగేందర్, "ఆ, నిన్న ఈడనే గరగరమన్నది," అన్నాడు. ప్రసన్నకుమార్ తలాడించాడు. ఏ తప్పూ దిద్దలేదు. దిద్దడానికి లేదు.

ఏడు దాటి కొద్దిసేపటికి యోగేందర్ ఫోన్ మోగింది. "ఆఁ," అన్నాడు. తర్వాత "యాడ?" అన్నాడు. లేచి నిలబడ్డాడు. ఫోన్ తెగిపోయింది. మళ్ళీ కలపబోతే కలవలేదు.

"టీవీ, టీవీ సప్పుడు పెట్టు అక్కా."

అమల పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్. బస్టాపు దగ్గర పేలుడు. కాసేపటికే ఇంకొకటి. పొగ, పడిపోయిన సైకిళ్ళు, ఎవరివో చెప్పులు, ఎవరినో చేతులమీద మోసుకుంటూ పరిగెత్తే మనుషులు. ఆ చూపించిందే మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు.

ప్రసన్నకుమార్ టీవీ చూస్తూ వాయిస్తూనే ఉన్నాడు. ఇంకా పది నిమిషాల పాట మిగిలి ఉంది.

"నేను గాడనే నిలవడాల్సి ఉండె," అన్నాడు యోగేందర్. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాడు. "ఏడింటికి. మీరు గూడ."

అమల రిమోట్ పట్టుకుని అలాగే నిలబడింది. ఆ సాయంత్రం ఆ రోడ్డుమీద పుస్తకాలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళున్నారు, టిఫిన్ తింటున్నవాళ్ళున్నారు, ఇంటికి పోయే బస్సు కోసం చూస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ముందురోజు ఏ గిటారూ మోగలేదు.

ఏడూ ఇరవైకి ప్రసన్నకుమార్ ఆపాడు. గిటారుని జాగ్రత్తగా కుదురులో కూర్చోబెట్టి, తువ్వాలు పిండి దండెం మీద ఆరేశాడు. అప్పుడే మైసయ్య గుమ్మంలోకి వచ్చాడు. ఎక్కినవాళ్ళని దారి మధ్యలో దించేసి, ఆటోని ఎక్కడ ఆపాడో తెలియకుండా ఆపి వచ్చాడు. మేనల్లుడు ఇక్కడికి వస్తున్నట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడింటికి అన్న మాట దగ్గరే ఉన్నాడు. గోడకి ఆనుకుని కూర్చున్న యోగేందర్‌ని చూసి, గడపమీద కూలబడ్డాడు.

"ఫోన్ కలుస్తలేదురా," అన్నాడు.

"సార్ ఈడికి రమ్మన్నడు మామా. పాట ఇనవడ్డదని."

మైసయ్య ప్రసన్నకుమార్ వైపు చూశాడు. చెయ్యెత్తి దణ్ణం పెట్టబోయి, దాన్ని మధ్యలో ఎక్కడ ఉంచాలో తెలియనట్టు, మీసం తుడుచుకున్నాడు. అమల అతనికి నీళ్ళిచ్చింది. వ్యాను వాళ్ళు చౌరస్తాలోనే ఉన్నామని, జనగామ రద్దయిందని కబురు వచ్చింది. బస్సులు లేవు. యోగేందర్ ఈ పూటకి ఇక్కడే అని అమల బియ్యం ఇంకో గ్లాసు పోసింది.

ఎనిమిదింటికి గిటారు మోగింది.

నలుగురూ అటు తిరిగారు. పై నుంచి కిందికి గట్టిగా, డప్పు దెబ్బలా, ఒక్క తీగ తప్పకుండా కొట్టిన దెబ్బ. ఆ పలచటి మోతే గది దాటి గల్లీలోకి పోతోంది. పక్కవాటాలో అండాలు తలుపు తీసిన చప్పుడైంది.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు ప్రసన్నకుమార్.

"నాది సార్," అన్నాడు యోగేందర్. "గిట్ల కిందికి కొట్టేది నేనే." తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. "రేపు ఎనిమిదింటికి నేను వాయిస్తున్న."

"వాయిస్తున్నవ్," అన్నాడు మైసయ్య. అప్పుడు ఏడ్చాడు. కొద్దిసేపే.

మోత ఆగింది. ఎవరో ఎవరికో గిటారు అందించేంతసేపు ఆగి, మళ్ళీ మొదలైంది. ఈసారి మూడో తీగ పలకలేదు. ఎఫ్ దగ్గర గరగరమంది.

"ఇది మీరు," అన్నాడు యోగేందర్.

ప్రసన్నకుమార్ ఒప్పుకున్నట్టు చూశాడు.

"అయితే రేపు కూడా ఇతను భోజనానికి ఉంటాడన్నమాట," అంది అమల. "పొద్దున్నే వెళ్ళి కూరగాయలు తెండి."

ప్రసన్నకుమార్ జరిగి కుదురు పక్కన కూర్చున్నాడు. మోగుతున్న గిటారు వీపుమీద ఎడమచెయ్యి వేశాడు. చల్లగా ఉందో వెచ్చగా ఉందో తెలియలేదు. యోగేందర్‌ని పిలిచి, "ఇక్కడ పెట్టు నీ చెయ్యి," అన్నాడు. యోగేందర్ వచ్చి అతని చేతి పక్కనే తన చెయ్యి పెట్టాడు.

"అదురుతోందా?"

"అదురుతున్నది సార్," అన్నాడు యోగేందర్. "బాగ అదురుతున్నది."