ఏడు నిమిషాలు ముందు నడిచిన గడియారం

ఆ స్టేషన్ గడియారం ఏడు నిమిషాలు ముందు నడిచేది. పాడైపోయి కాదు. స్టేషన్ కట్టిన కొత్తలో, వాగు దాటి వచ్చేవాళ్లు కళ్లముందే రైలు తప్పిపోయి ఉసూరుమంటుంటే, మొదటి స్టేషన్ మాస్టరు జాలిపడి ముల్లు జరిపాడు. నెల తిరక్కుండానే జనం ఆ గుట్టు కనిపెట్టి, ఏడు తీసేసుకుని తీరిగ్గా రావడం మొదలుపెట్టారు. తరవాత స్టేషన్ చుట్టూ టీ కొట్టు, రంపపు మిల్లు, బడి, నలభై గడపలు వెలిశాయి. చదువు రానివాళ్లు కూడా ఆ తీసివేతలో దిట్టలే.

డెబ్బై ఏళ్ల తరవాత పై అధికారుల నుంచి తాఖీదు వచ్చింది, గడియారం సరిచేయమని. ముప్పయ్యేళ్లు దానికి కీ ఇచ్చి రిటైరైన స్టేషన్ మాస్టారు ఆ సాయంత్రం గడప గడపా తిరిగాడు.

"రేపట్నుంచి అది నిజమే చెబుతుంది. ఏడు తీసెయ్యకండి."

"నిజం చెప్పే గడియారాన్ని నమ్మేదెలా బాబూ?" అంది బుట్టలల్లే అవ్వ.

మర్నాడు ఆయనకూ ప్రయాణముంది. పట్నంలో కూతురికి పదింటికి ఆపరేషన్. "మత్తు ఇచ్చేముందు ఒక్కసారి కనబడు నాన్నా" అని మరీ మరీ చెప్పింది. భార్య పోయాక ఆ పిల్లకు తల్లీ తండ్రీ ఆయనే. పొద్దుట ఉన్నది ఒక్కటే రైలు, ఆరూ నలభైకి.

సంచి సర్దుకుని కిటికీలోంచి స్టేషన్ వైపు చూశాడు. ఆరూ ముప్పయ్యైదు. మనసు తనంతట తనే ఏడు తీసేసింది. ఇంకా పన్నెండు నిమిషాలు! మొక్కలకు నీళ్లు పోశాడు. తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు. అంతలో రైలు కూత.

ఊరందరికీ బోధించి తనే బోల్తా పడ్డాడు.

పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం మీద ఒక్కరూ లేరు, అందరూ వేళకే వచ్చి ఎక్కేశారు. అవ్వ మాత్రం ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడింది.

"ఎక్కుతావా, దిగుతావా అవ్వా?" గార్డు విసుక్కున్నాడు.

"ఉండు నాయనా, మోకాలు ఆలోచించుకుంటోంది."

"చెప్పులు చేత పట్టుకోండి మాస్టారూ!" పెట్టెలోంచి టీ కొట్టువాడు అరిచాడు.

నాలుగు చేతులు ఆయన్ని లోపలికి లాగాయి. అవ్వ మోకాలు చటుక్కున లొంగింది.

"అవ్వా..." అంటూ ఆయన చేతులు జోడించాడు.

"ఇన్నాళ్లూ కసిరి కసిరి మమ్మల్ని ఎక్కించావు. ముందు చెమట తుడుచుకో. పిల్ల చూస్తే హడలిపోతుంది."

తొమ్మిదిన్నరకు వార్డులో అడుగుపెట్టేసరికి, కూతురికి నర్సు తల దువ్వి జడ అల్లుతోంది. ఆయన దువ్వెన అందుకుని, మిగతా సగం జడ తనే అల్లాడు.