మూసుకోని చెవి

పాస్టర్ ఆస్గర్ లోరెంట్సెన్ ఒక్క చలికాలంలో పంతొమ్మిది కిలోలు తగ్గాడు. గొడవంతా అక్కడే మొదలైంది. చక్కెర జబ్బు గుమ్మం దాకా వచ్చిందని ఊరి డాక్టరు హెచ్చరించడంతో, ఆయన భార్య గూడ్రున్ ఇంట్లోకి వెన్న, పంది మాంసం, బంగాళాదుంపలు రానివ్వడం మానేసింది. ఆయన నోరు కట్టేసుకున్నాడు. తినే విషయంలో మాత్రమే సుమా. మాట్లాడే విషయంలో ఆయన నోరు కట్టేయగల మొనగాడు ఆయన ఊరు హోయ్‌టోఫ్ట్‌లో ఇంకా పుట్టలేదు.

ఆదివారం ప్రసంగం ముప్ఫై అయిదు నిమిషాలు. ఇరవై రెండేళ్లుగా అంతే. మంగళవారం రాయడం మొదలుపెట్టి శనివారం సాయంత్రానికి ముగించేవాడు. ఆ కాగితాలే ఆయన ప్రాణం. వినడానికి వచ్చేది పదకొండు మంది, అందులో ఇద్దరు జీతం తీసుకుని వచ్చేవాళ్లు. అయినా ఆయన ఏనాడూ నిరుత్సాహపడలేదు. జనం తగ్గిన కొద్దీ విషయం ఇంకా వివరంగా చెప్పాలనుకునే రకం ఆయన.

సన్నబడటం వల్ల మొదట వచ్చిన చిక్కు కేకులతో. ఆ ప్రాంతంలో పుట్టినరోజైనా, అంత్యక్రియలైనా కాఫీ బల్ల మీద ఏడు రకాల మెత్తని కేకులు, ఏడు రకాల కరకరలాడేవి ఉండి తీరాలి. వచ్చినవాళ్లు పద్నాలుగూ రుచి చూడాలి. పాస్టరు ఒక్క బిస్కెట్టు తీసుకుని చాలన్నాడు. బోతిల్డ అనే ముసలావిడ రై ధాన్యపు రొట్టెతో చేసే పొరల కేకును ఆయన ఇరవై రెండేళ్లలో మొదటిసారి ముట్టుకోలేదు. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు. భర్త లారిత్స్‌ను సమాధి చేసి అప్పటికి నాలుగు నెలలు. ఆవిడ ఏమీ అనలేదు. హోయ్‌టోఫ్ట్‌లో ఏమీ అనకపోవడం చాలా పెద్ద మాట.

ఫిబ్రవరి చివర్లో ఒక మంగళవారం, రాసింది పైకి చదువుకుంటూ ఉండగా ఆయన గొంతు తిన్నగా ఆయన తలలోనే మోగడం మొదలుపెట్టింది. ఖాళీ పాల క్యానులో తల పెట్టి మాట్లాడినట్టుగా ఉంది. కాసేపటికి ఊపిరి కూడా వినిపించసాగింది. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, పక్కన ఎవరో పడుకున్నట్టు. మధ్యాహ్నం క్యారెట్టు ముక్క నమిలితే ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు. చెవులు మూసుకుపోయాయని నిర్ణయించుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మూసుకుపోయిన చెవికి హోయ్‌టోఫ్ట్‌లో ఇంటికో వైద్యుడున్నాడు. చర్చి సంఘం అధ్యక్షుడు నిస్, పందులు పెంచే మనిషి, ముక్కు గట్టిగా పట్టుకుని లోపలికి ఊదమన్నాడు. మందుల షాపు ఆవిడ ముక్కు ఎండగొట్టే స్ప్రే ఇచ్చింది. గూడ్రున్ పట్నం వెళ్లి చిన్నపిల్లల కోసం చేసిన బుడగ ఒకటి తెచ్చింది. ఒక ముక్కుపుట వేలితో మూసి రెండో దాంతో దాన్ని ఊదాలి, రోజుకు మూడు పూటలు. ఆయన తన రాతబల్ల దగ్గర కూర్చుని ఎర్ర బుడగను ముక్కుతో ఊదుతుండగా, పెళ్లి మాట్లాడుకుందామని ఒక జంట తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. వాళ్ల పెళ్లి బాగానే జరిగింది. పక్క ఊరి చర్చిలో.

ఊదిన కొద్దీ, స్ప్రే కొట్టిన కొద్దీ మోత పెరిగింది.

ఆ ఆదివారం ఆయన నల్లంగీ, మెడ చుట్టూ తెల్లటి మడతల కాలరు వేసుకుని ప్రసంగ వేదిక ఎక్కాడు. మొదటి వాక్యం చెప్పాడు. అది బయటికి పోకుండా లోపలే తిరిగి వచ్చి మోగింది. రెండోదీ అంతే. ఇన్నేళ్లుగా మాట్లాడుతున్న మనిషి తన ప్రసంగం తను వినడం అదే మొదటిసారి. ‘మరో విధంగా చెప్పాలంటే’ అని తను ఆరుసార్లు అనడం విన్నాడు. అన్న ప్రతిసారీ అదే విషయాన్ని అదే విధంగా చెప్పడం కూడా విన్నాడు. తొమ్మిదో నిమిషానికి ఇక తట్టుకోలేకపోయాడు. చేతిలో కాగితం జారి కింద పడింది. తీసుకుందామని వంగాడు. తల మోకాళ్ల దాకా వంగగానే మోత టక్కున ఆగిపోయింది.

అబ్బ, ఆ హాయి! ఆయన లేవలేదు. వేదిక చెక్కల వెనక గొంతుక్కూర్చుని, తల మోకాళ్ల మధ్య పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. కింద కూర్చున్న పదకొండు మందికి కనిపించింది ఒక్కటే. పాస్టరు మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమైపోయాడు. నాలుగు నిమిషాల తర్వాత మొహం ఎర్రగా కందిపోయి పైకి లేచి, ఆమెన్ అని దిగివచ్చాడు.

తలుపు దగ్గర అందరి చేతులూ కలిపేటప్పుడు బోతిల్డ ఆయన చెయ్యి చాలాసేపు వదల్లేదు. నిస్ కళ్లు తడిగా ఉన్నాయి. గాలి ఎక్కువగా ఉందని నిస్ సర్దుకున్నాడు. గాలి లేదు.

తర్వాతి ఆదివారం కూడా తొమ్మిది నిమిషాలే. ఆ పైన మోత భరించలేక మళ్లీ వంగాడు. ఈసారి పదిహేడు మంది వచ్చారు. ఆ పై వారం ముప్ఫై. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి అరవై ఎనిమిది మంది వస్తే వెనక గది నుంచి కుర్చీలు మోయాల్సి వచ్చింది. పాస్టరు కిందికి వంగగానే వాళ్లూ తలలు వంచడం నేర్చుకున్నారు. బల్లలన్నీ ఒక్కసారి కిర్రుమనేవి. జిల్లా పత్రికలో ఒకావిడ ‘మౌనంతో బోధించే పాస్టరు’ అని రాసింది. పక్క ఊరి పాస్టరు చివరి వరసలో కూర్చుని గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆస్గర్‌కు మాత్రం లోపల కుమిలిపోతున్నట్టుగా ఉంది. జబ్బును జనం భక్తి అనుకుంటున్నారు. నోరు తెరిచి కాదని చెప్పే ధైర్యం తనకు లేదు. అదొక బాధ. రెండోది అంతకంటే పెద్దది. వారం వారం ఇరవై ఆరు నిమిషాల ప్రసంగం చెప్పకుండానే సొరుగులోకి పోతోంది. మాట్లాడలేని పాస్టరు ఎందుకు పనికొస్తాడు? ఈ చెవి బాగుపడకపోతే చర్చి వదిలేసి, ఇల్లు వదిలేసి వెళ్లిపోవలసిందే. ఆ మాటే గూడ్రున్‌తో అన్నాడు, తల టేబుల్ కింద పెట్టుకుని.

‘‘ముందు చెవి చూపించుకో ఆస్గర్. రాజీనామా ఎక్కడికీ పారిపోదు’’ అంది గూడ్రున్.

ఈస్టర్ అయ్యాక పట్నంలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు పడుచుపిల్ల. చెవిలోకి గొట్టం పెట్టి చూస్తూ ఊపిరి పీల్చమంది, వదలమంది. మళ్లీ పీల్చమంది. ఊపిరితో పాటు కర్ణభేరి లోపలికీ బయటికీ ఆడుతోందట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆ పిల్ల మొహంలో సంతోషం చూసి ఆయనకు కాస్త భయం వేసింది.

‘‘మీ చెవి మూసుకుపోలేదండీ. తెరుచుకుని ఉండిపోయింది’’ అంది.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ముక్కు వెనక నుంచి చెవిలోకి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు ఒక్క క్షణం తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. దాని చుట్టూ కాస్త కొవ్వు ఉండి దాన్ని మెత్తగా నొక్కిపెడుతుంది. పంతొమ్మిది కిలోలు పోయినప్పుడు ఆ కొవ్వూ పోయింది. ఇక గొట్టం మూసుకోదు, ఆయన గొంతు ఆ దారిన నేరుగా చెవిలోకి వెళ్లి మోగుతుంది. ఎండగొట్టే స్ప్రే, ముక్కు పట్టుకుని ఊదడం, బుడగ, ఇవన్నీ గొట్టం మూసుకుపోయినవాళ్లు చేయవలసినవి. ఈయన చేయకూడనివి. ఒక్కటి కూడా వదలకుండా చేశారే అని డాక్టరు మెచ్చుకుంది.

మందు ఏమిటంటే, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసుకోవాలి. నీళ్లు బాగా తాగాలి. ఊరి డాక్టరును అడిగి, చక్కెర మీద ఒక కన్నేసి ఉంచి, మెల్లగా ఏడెనిమిది కిలోలు పెరగాలి. మోత ఎక్కువైతే తల కిందికి వంచుకోవాలి.

‘‘అది నాకు తెలుసు’’ అన్నాడు ఆస్గర్.

ఇంటికి వెన్న తిరిగొచ్చింది. ఆస్గర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు కానీ, తర్వాతి కాఫీ బల్ల దగ్గర బోతిల్డ కేకు మూడు ముక్కలు తిన్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని చివరి తునక దాకా చూసింది. మే నెలంతా ఆయన వైద్యం చాలా నిష్ఠగా సాగింది. చుక్కలు ఒక్కోసారి మరిచిపోయేవాడు, కేకులు మరిచిపోయిన రోజు లేదు. జూన్ మొదట్లో ఒక గురువారం తోటలో పిల్లిని పిలిచాడు. గొంతు బయటికి వెళ్లింది. వెళ్లి, వెనక్కి రాలేదు. ఆయన పిల్లిని ఇంకో ఇరవైసార్లు పిలిచాడు. పిల్లికి అనుమానం వచ్చి కంచె కిందుగా వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఆయన ముప్ఫై అయిదు నిమిషాల ప్రసంగంతో వేదిక ఎక్కాడు. చర్చి నిండా జనం. మాట తర్వాత మాట తేలిగ్గా, హాయిగా బయటికి పోతుంటే ఆయనకు కళ్లు చెమర్చాయి. తొమ్మిదో నిమిషం వచ్చింది. బల్లలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అరవై ఎనిమిది తలలు కిందికి వంగాయి.

ఆస్గర్ నిలబడే ఉన్నాడు. ఆయనకు నిస్ బట్టతల కనిపించింది. బోతిల్డ తెల్లటి జడ చుట్ట కనిపించింది. మొహం ఒక్కటి కూడా కనిపించలేదు. కాగితం పక్కన పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. నేను ప్రార్థన చేయలేదు, నా చెవికి జబ్బు చేసింది, వంగితే మోత తగ్గేది, మీరు వేరేలా అనుకుంటున్నారని తెలిసీ ఊరుకున్నాను, ఇప్పుడు నయమైంది, క్షమించండి, అన్నాడు. ఎవరూ తల ఎత్తలేదు. ఎవరో దగ్గారు. ఇంకేం చేయాలో తోచక కాగితం తీసుకుని మిగిలిన ఇరవై ఆరు నిమిషాలూ పూర్తి చేశాడు.

తలుపు దగ్గర అందరూ చప్పున చెయ్యి కలిపి చప్పున వెళ్లిపోయారు. మోసపోయామని మండిపడుతున్నారని ఆయనకు ఖాయమైపోయింది. పక్కనే ఉన్న సంఘం హాల్లో కాఫీ పోస్తున్నారు. వెళ్లి బోతిల్డ పక్కన కూర్చుని, మిమ్మల్నందరినీ మోసం చేశాను, కోపం వచ్చి ఉంటుంది, అన్నాడు.

‘‘చెవి సంగతేనా?’’ అంది బోతిల్డ. ‘‘అది మొదటి వారమే తెలిసింది పాస్టరు గారూ. మా ఆయన మంచాన పడి చిక్కి శల్యమైనప్పుడు సరిగ్గా ఇదే పట్టుకుంది. అన్నం తింటూ తింటూ టేబుల్ మీద తల పెట్టేసేవాడు, మోత ఆగాలని. మిమ్మల్ని చూడగానే పోల్చుకున్నాను. బయటికి రాగానే అందరికీ చెప్పాను.’’

ఆస్గర్ కప్పు కింద పెట్టాడు. తెలిసీ వచ్చారా, తెలిసే తలలు వంచారా, అని అడిగాడు.

‘‘మీరు మాట్లాడటం ఆపారు కదా’’ అంది ఆవిడ, కప్పులో చక్కెర కలుపుకుంటూ. ‘‘లారిత్స్ అంత్యక్రియల్లో మీరు నలభై రెండు నిమిషాలు మాట్లాడారు. మంచి మాటలే, కాదనను. కానీ నేను ఆయనతో ఒక్క మాట చెప్పుకుందామనుకున్నాను. మీరు సందివ్వలేదు.’’

ఆవిడ ఆయన పళ్లెంలోకి కేకు ముక్క జరిపింది. ఆయన తిన్నాడు. ఆకలి మాత్రం లేదు.

ఆ వారమంతా ఆయన రాయడానికి కూర్చున్నాడు, లేచాడు. శనివారానికి రెండు కాగితాలు మిగిలాయి.

ఆదివారం పదకొండు నిమిషాలు మాట్లాడాడు. తొమ్మిదికే ఆపుదామనుకున్నాడు, చేతకాలేదు. అప్పుడు కాగితాలు మడిచి, ఏ జబ్బూ లేని చెవులతో, పెరిగిన పొట్టతో కష్టపడి కిందికి వంగాడు. మోకాళ్లు నొప్పి పుట్టాయి. కింద బల్లలు కిర్రుమన్నాయి. ఆ తర్వాత ముందు వరసలోంచి ఒక ముసలి గొంతు చాలా మెల్లగా వినిపించింది. మొన్నటి దాకా ఆయన తలలో తన ఊపిరి తప్ప ఇంకేదీ వినిపించేది కాదు. ఇప్పుడు ఒక్కో మాటా విడివిడిగా వినిపిస్తోంది. లారిత్స్, పెరటి తలుపు గొళ్లెం ఊడిపోయింది, అంటోంది. నిస్ కొడుకు వచ్చి బిగించాడు గానీ నువ్వు బిగించినట్టు లేదు, అంటోంది. ఇంకా చాలా చెబుతోంది.

ఆస్గర్ రెండు చేతులతో చెవులు మూసుకుని, ఆవిడ చెప్పడం అయ్యేంతవరకూ అక్కడే కూర్చున్నాడు.