పిల్లి ఒప్పుకుంటేనే

ట్యాంకు మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టింది. కెమిస్ట్ ముఖం తుడుచుకుని లోపలికి తొంగి చూసింది. థర్మామీటరు తొంభై ఆరు చూపిస్తోంది. ఉండాల్సింది యాభై ఐదు.

"మావయ్యా, ఎంజైమ్ పొడి ఎప్పుడు వేశారు?"

"బాగా తెర్లాకేనమ్మా. పొడి ఏదైనా పొంగొచ్చాకే వెయ్యాలి. ముందే వేస్తే సారం పోదూ!"

మావయ్య ఆమె భర్తకు తండ్రి. ముప్ఫై ఏళ్లు క్యాంటీన్‌లో వండి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుని అత్తయ్య వంటకు వంకలు పెడుతుంటే పడలేక, ఈ చేపల ఫ్యాక్టరీలో ట్యాంకు పని ఇప్పించింది ఆమే. కోయగా మిగిలిన తలలు, ముళ్లు, తోకలు రుబ్బి, నీళ్లు కలిపి ఎంజైమ్ వేస్తే ప్రోటీన్ చిన్న చిన్న ముక్కలై నీళ్లలోకి దిగుతుంది. కానీ ఎంజైమ్‌ది మహా సుకుమారం. మరిగితే చచ్చి ఊరుకుంటుంది.

"దాన్ని చంపేశారు మావయ్యా."

"పొడిని చంపడమేంటమ్మా! నేనేమన్నా హంతకుణ్ణా?"

"ఉన్నది అదొక్క ప్యాకెట్టే."

గడియారం ఎనిమిదిన్నర. పన్నెండింటికి పిల్లుల మేత తయారుచేసే కంపెనీ కొనుగోలు అధికారి వస్తాడు, తన పిల్లితో సహా. అది మూతి పెడితే ఏడాది పాటు సరుకు వాళ్లే కొంటారు. పెట్టకపోతే ల్యాబ్ మూసేస్తానని ఓనరు నిన్ననే తేల్చిచెప్పాడు. అప్పుడు ఆమెకు మళ్లీ ప్యాకింగ్ బల్లే గతి.

"పొడి లేకపోతే పని జరగదా?" అన్నాడు మావయ్య, తల గోక్కుంటూ. "మరి చేపకు తిన్నది ఎలా అరుగుతోంది? దానికెవరు పోశారు పొడి?"

నిజమే, తిన్నది అరిగించే ఎంజైమ్ చేప పేగుల్లోనే ఉంటుంది.

"కటింగ్ హాలుకు పరుగెత్తండి మావయ్యా! ఇప్పుడే తీసిన పేగులు, రెండు బకెట్లు!"

"ఈ వయసులో పరుగా?" అంటూనే పరుగెత్తాడు.

ఆమె ట్యాంకులో పెట్టెలకు పెట్టెలు ఐసు కుమ్మరించింది. ఎనభై. అరవై ఎనిమిది. యాభై ఐదు. పేగులు రుబ్బి పోసింది. కాస్టిక్ ద్రావణం చుక్కలు చుక్కలుగా వదిలి పీహెచ్ మీటరును ఎనిమిదికి తెచ్చింది. ప్రోటీన్ తెగడం మొదలైతే ఆ అంకె తగ్గాలి. తగ్గకపోతే లోపల ఉన్నది వట్టి చేపల నీళ్లే.

పది నిమిషాలు. అంకె కదల్లేదు.

"నిద్రపోయిందేమో, తట్టనా?"

"దాని జోలికెళ్లకండి."

ఏడు పాయింట్ తొమ్మిది. ఏడు పాయింట్ ఏడు.

"పడిపోతోంది!" అని అరిచిందామె.

"అయ్యో! పట్టుకో, పట్టుకో!"

"పడితేనే మంచిది మావయ్యా!"

అంకె పడ్డప్పుడల్లా కాస్టిక్ చుక్కలు వేసి మళ్లీ ఎనిమిదికి ఎక్కించింది. రెండు గంటలు రెప్ప వేయలేదు. పదకొండుంపావుకు వరండాలో బూట్ల చప్పుడు, వెంట సన్నగా "మ్యావ్". ముప్పావు గంట ముందే దిగాడు మహానుభావుడు! ఇప్పుడు పేగుల ఎంజైమ్‌ను ఆపకపోతే ప్రోటీన్ మరీ తెగి చేదెక్కుతుంది. చేదును ఏ పిల్లీ ముట్టదు.

"స్టీమ్ తిప్పండి! మరిగించండి!"

"పొద్దున మరిగిస్తే హంతకుణ్ణన్నావు!"

"ఇప్పుడు చంపాలి మావయ్యా! వెంటనే చంపేయాలి!"

"ఎవర్ని?" అన్నాడు గుమ్మంలో అధికారి, పిల్లి బుట్టను గుండెలకు హత్తుకుంటూ.

మరిగించి, వడగట్టి, చల్లార్చి పళ్లెంలో పోసేసరికి పన్నెండైంది. బూడిదరంగు బండపిల్లి వాసన చూసింది. వెనక్కి తిరిగి కూర్చుంది. తీరిగ్గా పంజా నాక్కుంది.

"దీని పొగరు చూడు," అని గొణిగాడు మావయ్య. ముప్ఫై ఏళ్లలో ఆయన వంటకు ఎవరూ వీపు చూపలేదు.

పిల్లి నెమ్మదిగా తిరిగింది. ఒకసారి నాకింది. ఆగింది. ఇక తలెత్తలేదు. నిమిషంలో పళ్లెం అద్దమైంది.

"నెల్లాళ్లుగా ఏ శాంపిలూ ముట్టలేదండీ ఇది!" అన్నాడు అధికారి. "ఏ ఎంజైమ్ వాడారు?"

ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేస్తే సరిపోయేది. ఆమెకు నోరు రాలేదు.

"కొన్నది ఉడికి చచ్చింది సార్. ఇది చేప పేగుల్లోదే."

అధికారి ఫైలు సగం మూశాడు. "అంటే అనుకోకుండా కుదిరిందన్నమాట. మళ్లీ కుదురుతుందని నమ్మకమేంటి?"

"లెక్కలన్నీ రాసుకున్నాను. రేపు మీ ఎదురుగానే చేస్తాను."

"రేపు చూద్దాం లెండి. సంతకం ఆ తర్వాతే."

అంతలో పిల్లి గోల మొదలుపెట్టింది. ఖాళీ పళ్లేన్ని నేల మీద ఈడ్చింది. అధికారి బుట్టలో పెట్టబోతే చెయ్యి రక్కింది. ట్యాంకు కాళ్ల మధ్య దూరి కదలనంది.

మావయ్య గరిటె నింపి, దానికి అందనంత ఎత్తులో పట్టుకున్నాడు.

"ఏం సార్, రెండోసారి వడ్డించమంటారా? సంతకం అయ్యాకే."

అధికారి పిల్లిని చూశాడు. పిల్లి అధికారిని చూసి గుర్రుమంది.

ఆయన పెన్ను తీశాడు.