చలికాలంలో వేడెక్కే బండి

రేడియేటరు పై గొట్టానికి కుడి మణికట్టు వెనకభాగం ఆనించి ఏసోబు కళ్ళు మూసుకున్నాడు. అరచేతితో తాకి చూడటం ఎప్పుడో మానేశాడు. నలభై ఏళ్ళుగా కాలి కాలి మొద్దుబారిన ఆ చేతికి మరిగే నీళ్ళకీ కుండలో నీళ్ళకీ తేడా తెలియదు. మణికట్టు వెనక చర్మం మాత్రం ఇంకా పలచగానే ఉంది. పై గొట్టం కాలుతోంది. వంగి కింది గొట్టం చూశాడు. నీళ్ళు చల్లారి దిగాల్సిన ఆ గొట్టం కూడా కాలుతోంది.

"ఆపెయ్ దానయ్యా" అన్నాడు.

వ్యానులో కూర్చున్న దానయ్య తాళం తిప్పాడు. ఎనిమిది కావస్తున్నా మంచు విడవలేదు. అద్దంకి నుంచి నరసరావుపేట పోయే రోడ్డు మీద పత్తి లారీలు లైట్లు వేసుకునే పోతున్నాయి. రోడ్డు పక్కన ఏసోబు రేకుల షెడ్డు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. ఆ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో దానయ్య భార్య అంకమ్మ దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆమె కాళ్ళు పొంగి ఉన్నాయి. చెప్పుల పట్టీలు బిగిస్తాయని ఏసోబు భార్య కరుణమ్మ ఆ చెప్పులు విప్పించి, పాదాల కింద గోనెపట్టా వేసింది.

అంకమ్మకి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, గుంటూరులో డయాలసిస్. దానయ్య తన వ్యానులోనే తీసుకెళతాడు. మొన్న మంగళవారం నల్లపాడు ఇవతల బండి మూడుసార్లు పొగలు కక్కి ఆగింది. ఆసుపత్రికి చేరేసరికి ఆమె మిషను మీద ఇంకొకరున్నారు. మధ్యాహ్నం సగంసేపు మాత్రం చేసి పంపారు. ఈ శుక్రవారం కూడా ఇలాగే అయితే మనిషి దక్కడం కష్టమని డాక్టరు మొహం మీదే చెప్పాడు. వేరే బండి చూసుకుందామంటే అద్దెకార్లన్నీ అయ్యప్పస్వాములతో శబరిమల పోయాయి. ఈ రోజు గురువారం.

"ఎండాకాలమంతా నిక్షేపంగా తిరిగిందన్నా. చలి మొదలవగానే వేడెక్కుతుంది. ఇదేం చోద్యమో" అన్నాడు దానయ్య. చిలకలూరిపేటలో కంప్యూటరు పెట్టి చూసే గ్యారేజీలో వాల్వు మార్చారు, నీళ్ళ పంపు మార్చారు. కంప్యూటరు మాత్రం ఏ లోపమూ లేదనే చెప్పింది.

ఏసోబు రేడియేటరు మూత వైపు చూశాడు. ఆయన్ని తొలిచేస్తున్నది వేరే సంగతి. పోయినేడు పుష్యమాసంలో దానయ్య ఇదే బాధతో వస్తే, రేడియేటరు మూత మార్చి, "ఇక వేడెక్కదు, పో" అన్నది తనే. కొన్నాళ్ళకి నిజంగానే వేడెక్కడం మానేసింది. దానయ్య సంతోషం పట్టలేక రెండు సొరకాయలు తెచ్చిచ్చాడు. ఏసోబు వాటిని తిన్నాడు కూడా. ఆ పేరు ఉత్తపుణ్యానికి వచ్చిందని, మూతకీ వేడికీ ఏ సంబంధమూ లేదని ఇప్పుడు తెలుస్తోంది. మంగళవారం ఆ మంచులో అంకమ్మని రోడ్డు పక్కన కూర్చోబెట్టింది తన మాటేనని ఆయనకి సిగ్గుగా ఉంది.

ఏసోబు సన్నటి మనిషి. చెవుల మీదికి లాక్కున్న మంకీక్యాపు, మోచేతుల దగ్గర చిరిగిన ఖాకీ చొక్కా, ఎంత తోమినా పోని గోళ్ళ నలుపు. ముప్పైరెండేళ్ళుగా ఇదే షెడ్డు. ఎన్ని వందల బండ్లు బాగుచేశాడో గానీ, తనకంటూ కొనుక్కున్నది ఒక సైకిలు. బావమరిది పెళ్ళికి నంద్యాల పోతుంటే దారిలో బస్సు చెడి, కొత్తబట్టలతోనే దాని కిందికి దూరాడు. పెళ్ళి ఫొటోల్లో ఆయన భుజం మీద నల్ల మరక అలాగే పడింది. పిల్లలు లేరు. ఆదివారం చర్చికి వెళితే చివరి వరసలో, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంటాడు. అలాంటివాడి గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు. బండి ఆగిపోయినప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తాడు.

పని నేర్పింది చీరాలలో ఇమాం హుస్సేన్ మేస్త్రీ. ముందు డ్రైవరు చేత మాట్లాడించు, తర్వాతే బానెట్టెత్తు అనేవాడు. వాడరేవు చేపలు మోసిన బండి ఒక రకంగా చెడుతుంది, ఊక మోసిన బండి ఇంకో రకంగా చెడుతుంది. పోయినేడు ఏసోబు ఆ మాట మరిచాడు. తెలిసిన బండేగదా అని అడగలేదు.

కరుణమ్మ టీ తెచ్చింది. "మొహం అట్టా పీక్కుపోయిందేం? కాసేపు కూర్చో" అంది. తెల్లారినప్పటి నుంచి ఏసోబుకి ఎడమ భుజం లాగుతోంది. చలికి పట్టేసిందనుకున్నాడు. నిలబడే టీ తాగి, దానయ్య వైపు తిరిగాడు.

"మిగతా రోజుల్లో ఏం బరువేస్తున్నావు దానయ్యా?"

"బరువా? బరువేమీ ఎయ్యట్లేదన్నా. పేటలో కూడా అదే అడిగారు. బరువే లేదని చెప్పా."

"మరి బండి ఊరికే ఉంటందా?"

"ఊరికే ఎందుకుంటదీ, పత్తి తోలుతున్నాగా. సీట్లు మడిచి, మిల్లు దాకా."

ఏసోబు గ్లాసు కింద పెట్టాడు. దానయ్య అబద్ధమాడలేదు. ఈ మెట్టపొలాల్లో తొక్కి నింపిన మిర్చి టిక్కీ అంటే బరువు, ధాన్యం బస్తా అంటే బరువు. పత్తిని ఎవరూ బరువు అనరు. అడిగినవాడు బరువు అని అడిగాడు, చెప్పినవాడు లేదన్నాడు. కంప్యూటరుకి ఆ మాత్రం కూడా తెలియదు.

"మిల్లు దగ్గర ఎంతసేపుంటావు?"

"లారీల ఎనకాల వరసలో రెండు గంటలు, ఒక్కోసారి మూడు. ముందుకి జరుపుకోవాలిగా, ఇంజను ఆపను."

"గాలికి దూది ఎగురుతుంటది."

"మంచులాగా పడతది. అద్దం తుడుచుకుంటానే ఉంటా."

ఏసోబు షెడ్డులోకి వెళ్ళి గోడ మీది చర్చి క్యాలెండరు నుంచి అయిపోయిన నెల కాగితం చింపి తెచ్చాడు. ఇంజను వేయమని, ఆ కాగితాన్ని ముందు జాలీకి ఆనించి వదిలాడు. లోపలి ఫ్యాను గాలి లాక్కుంటే కాగితం జాలీకి అతుక్కోవాలి. అది కాస్త ఊగి, జారి, ఆయన పాదాల మీద పడింది.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది.

"దీనికి గాలాడట్లేదు" అన్నాడు మెల్లగా.

అది ఒకప్పుడు యాత్రల వ్యాను. ఏసీ పాడై ఆరేళ్ళయినా, దాని జల్లెడలాంటి పలక రేడియేటరు ముందు అలాగే ఉండిపోయింది. ముందునుంచి చూస్తే ఆ పలక శుభ్రంగా ఉంది. వెనకనుంచి చూస్తే రేడియేటరు శుభ్రంగా ఉంది. రెంటికీ మధ్య రెండు వేళ్ళ సందు. అక్కడికి ఎవరి కన్నూ పోలేదు, పోయినేడు తన కన్నూ పోలేదు. బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ కిరోసిన్ పోసి, తట్టి, బతిమాలి ఊడదీసేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మధ్యలో రెండుసార్లు బంపరు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు.

పలక పక్కకి జరపగానే కనిపించింది. పక్క సందుల్లోంచి దూరిన దూది మంచుకి తడిసి, దుమ్ముతో గట్టిపడి, రేడియేటరు మొహం నిండా బూడిదరంగు బొంతలా పరుచుకుని ఉంది. అంచు పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది. గుంటూరు మిర్చియార్డు దుమ్ము కూడా కలిసిందేమో, ఇద్దరూ తుమ్ములే తుమ్ములు. కుర్చీలో అంకమ్మ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చింది.

"చలికాలం కాదు దానయ్యా, పత్తికాలం" అన్నాడు ఏసోబు. "మాఘంలో పత్తి అయిపోతది, పట్టిన దూది ఎండి రాలిపోతది. నేను మూత మార్చి గొప్పలు పోయా. తప్పు నాది."

దానయ్య తల దించుకున్నాడు. అంకమ్మని గుంటూరు తీసుకెళ్ళే ఖర్చుల కోసమే పత్తి తోలాడు. ఆ పత్తే బండి ముక్కు మూసింది.

"అన్నయ్యా, రేపు పోతామా?" అని అడిగింది అంకమ్మ.

ఒకసారి మాట ఇచ్చి తప్పినవాడు మళ్ళీ ఇవ్వడానికి జంకుతాడు. ఏసోబు కాసేపు ఆమె పాదాల వైపు చూశాడు.

"పోతావమ్మా. రేపు ఎక్కడా ఆగవు" అన్నాడు.

రేడియేటరు కడిగి, పనికిరాని ఆ పలక తీసేసి, నీళ్ళు పోసి బిగించేసరికి పొద్దు వాలింది. దానయ్యని పక్కన కూర్చోబెట్టుకుని సింగరకొండ దాకా వెళ్ళొచ్చాడు. వేడి చూపించే ముల్లు సగం దగ్గర నిలబడింది. తిరిగొచ్చాక షెడ్డు ముందు ఆపి, ఇంజను మాత్రం ఆపలేదు. బాగైన బండిని గంటసేపు అలా నడవనిచ్చి, దగ్గర కూర్చుంటేగాని ఆయన తాళం ఇవ్వడు.

"నువ్వు పోయి ఇంత అన్నం తిను. నేను ముల్లు చూస్తుంటా" అన్నాడు.

దానయ్య అన్నం తిని వచ్చేసరికి ఇంజను సన్నగా, ఒకే తీరుగా తిరుగుతోంది. ముల్లు సగం దగ్గరే ఉంది. డ్రైవరు సీట్లో ఏసోబు తల కిటికీకి ఆని ఉంది. నిద్రపట్టిందనుకుని దానయ్య చప్పుడు కాకుండా చెయ్యి పోనిచ్చి తాళం తిప్పాడు. ఇంజను ఆగిన నిశ్శబ్దంలో ఎవరి ఊపిరీ వినిపించలేదు. చెయ్యి పట్టుకుంటే మణికట్టు చల్లగా ఉంది.

తెల్లవారుజామున కరుణమ్మ దానయ్యని బయటికి పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. దానయ్య తను ఎక్కడికీ పోనన్నాడు.

"పోతావని అంకమ్మకి చెప్పాడు" అంది ఆమె. "ఆయన మాట నువ్వు తప్పించబాక. సమాధి సాయంత్రానికేలే తమ్ముడూ. అందుకుంటావు, పో."

అంకమ్మని ఇద్దరూ పట్టుకుని ఎక్కించారు. బండి మంచులోకి వెళ్ళిపోయింది. తెల్లారాక, పాస్టరు గారు వచ్చి కూర్చున్న కాసేపటికి కరుణమ్మ ఫోను మోగింది.

"నల్లపాడు దాటామక్కా" అన్నాడు దానయ్య. "ముల్లు కదల్లేదు."

ఆ మాట ఎవరికి చెప్పాలో తోచక ఆమె లేచి షెడ్డు ముందుకి నడిచింది. చుట్టూ నేల మంచుకి తడిసి నల్లగా ఉంది. రాత్రంతా బండి నిలబడ్డ మేర మాత్రం పొడిగా, తెల్లగా ఉంది. ఆ పొడినేల చివర, చక్రం వెనక్కి దొర్లకుండా నిన్న ఏసోబు అడ్డం పెట్టిన తుమ్మచెక్క, టైరు నొక్కిన గుర్తుతో, పెట్టినచోటే ఉంది.